గ్యారేజ్, గ్రైమ్, బాస్: కొత్త పాట కొనేముందు మీ స్పీకరును చూసుకోండి

శుక్రవారం వస్తే కొత్త పాటలు గుట్టలుగా వచ్చి పడతాయి. లండన్ క్లబ్బు సంగీతాన్ని ఇష్టపడేవారికి ఒకేరోజు ఒక గ్యారేజ్ సింగిల్, ఒక గ్రైమ్ ఆల్బమ్, అడుగు స్వరాలే ప్రధానమైన బాస్ సంగీతపు ఈపీలు (నాలుగైదు పాటల చిన్న రికార్డులు) రెండు మూడు ఎదురవుతాయి. యాప్‌లో అన్నిటికీ 'డాన్స్' అనే పేరే తగిలించి ఉంటుంది. వేగంలోనూ పెద్ద తేడా కనిపించదు. అన్నీ నిమిషానికి 130 నుంచి 140 దెబ్బల మధ్యనే నడుస్తాయి. వీటిలో దేనితో మొదలుపెట్టాలి, దేనికి డబ్బు పెట్టాలి అని నన్ను అడిగేవారు ఈమధ్య పెరిగారు. బ్రిటన్‌కు చదువుకోవడానికి వెళ్లి, అక్కడ మొదటిసారి ఈ సంగీతం చెవిన పడ్డవారు వారిలో ఎక్కువ.

ఏ పాట గొప్పది, ఏ కళాకారుడు పెద్దవాడు అన్న చర్చలోకి నేను వెంటనే దిగను. మొదట ఒక ప్రశ్న అడుగుతాను: మీరు దేని మీద వింటారు? ఫోను స్పీకరా, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లా, మంచి హెడ్‌ఫోన్లా, అట్టడుగు స్వరాల కోసమే ఉండే సబ్‌వూఫర్ స్పీకరున్న సెట్టా? ఈ మూడు రకాల సంగీతాలనూ వేర్వేరు వినికిడి కోసం తయారుచేశారు. ఒకదానికి సరిపోయే పరికరం మీద ఇంకోదాన్ని విని 'ఇందులో ఏముంది' అని పక్కన పెట్టేస్తే పోగొట్టుకునేది మనమే.

నాకు ఈ సంగతి హైదరాబాదులో ఒక మిత్రుడి ఇంట్లో తెలిసివచ్చింది. బాస్ సంగీతంలో ముఖ్య శాఖ అయిన డబ్‌స్టెప్‌లో మైలురాయిగా చెప్పే స్క్రీమ్ పాట 'మిడ్‌నైట్ రిక్వెస్ట్ లైన్' 2005లో వచ్చింది. దాన్ని నేను చాలాకాలం ఫోనులోనే విన్నాను. పైన తిరిగే చిన్న స్వరమాల, అక్కడక్కడ ఒక స్నేర్ (చురుకైన డ్రమ్ దెబ్బ), అంతే అనుకున్నాను. ఒక సాయంత్రం మిత్రుడు అదే పాటను సబ్‌వూఫర్ ఉన్న తన స్పీకర్ల మీద పెట్టాడు. కాసేపటికి వంటింట్లోంచి సన్నని జుమ్మనే శబ్దం మొదలైంది. వెళ్లి చూస్తే అలమరలో బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగులుతూ వణుకుతున్నాయి. అన్ని స్వరాలకూ కాదు, బాస్ ఒక్క మెట్టు మీదికి దిగినప్పుడు మాత్రమే! మళ్లీ పైకి వెళ్లగానే ఆగిపోయేవి. వాళ్లమ్మగారు ఏమీ అనకుండా గ్లాసుల కింద తువ్వాలు మడతపెట్టి పరిచారు. నేను అన్నాళ్లూ విన్నది పాటలో పై సగం మాత్రమేనని ఆ గ్లాసులు చెప్పాయి.

ఒక్క ఆవృత్తంలో తేడా పట్టుకోవడం

పేర్లను పక్కన పెట్టి చెవితో గుర్తుపట్టడం నేర్చుకుంటే ఎంపిక తేలికవుతుంది. నాలుగు దెబ్బల ఒక ఆవృత్తాన్ని తీసుకోండి. హౌస్ అనే మామూలు క్లబ్బు డాన్సు సంగీతంలో నాలుగింటి మీదా కిక్ డ్రమ్ పడుతుంది: ధమ్, ధమ్, ధమ్, ధమ్. గ్యారేజ్‌లో టూ-స్టెప్ అనే పద్ధతి ఈ నడకను విరగ్గొట్టింది. మొదటి దెబ్బ మీద కిక్ ఉంటుంది. రెండో దెబ్బ దగ్గర కిక్ తీసేసి స్నేర్ పెడతారు. ఆ తరువాతి కిక్ మనం ఎదురుచూసిన చోట పడకుండా కాస్త ముందుకో వెనక్కో జారుతుంది. నాలుగో దెబ్బ మీద మళ్లీ స్నేర్. ఆ జారిన కిక్ దగ్గరే ఒళ్లు కదులుతుంది. ఇక పైన నడిచే హై-హ్యాట్లు (జంట తాళాల చప్పుడు) సమంగా నడవవు. మృదంగం తెలిసినవారికి ఒక్క మాటలో చెప్పవచ్చు: చతురశ్ర గతిలో మొదలైన నడక తిశ్రం వైపు ఒరిగి, రెండింటి మధ్యా ఊగుతూ ఉండిపోతుంది. తీన్మార్ దరువుకు అలవాటుపడిన కాలికి ఈ ఊపు కొత్తగా అనిపించదు.

గ్రైమ్ 140 వేగంలో నడుస్తుంది, కానీ ఊపు తక్కువ, కోణాలు ఎక్కువ. డ్రమ్ముల మధ్య ఖాళీలు కావాలనే వదులుతారు, ఎందుకంటే ఆ ఖాళీ మాటలు పలికే ఎంసీ కోసం. డబ్‌స్టెప్‌దీ 140 వేగమే, కానీ స్నేర్ మూడో దెబ్బ మీద ఒక్కసారే పడుతుంది కాబట్టి శరీరానికి అది 70 వేగంగా తోస్తుంది. ఆ నింపాదితనం కింద బాస్ పాకుతుంది. ఈ మూడు గుర్తులూ పట్టుబడితే యాప్‌లో ఏ పేరు తగిలించినా మోసపోరు.

గ్యారేజ్: పాట కావాలనుకునేవారికి

మీకు పల్లవి కావాలి, గొంతు కావాలి, ఇంట్లో పని చేసుకుంటూ వినాలి అంటే మరో ఆలోచన లేకుండా గ్యారేజ్‌తో మొదలుపెట్టండి. దీని పుట్టుకలోనే పాట ఉంది. న్యూయార్క్‌లోని ప్యారడైజ్ గ్యారేజ్ అనే క్లబ్బు పేరు మీదుగా అమెరికాలో గ్యారేజ్ అనే గాత్రప్రధానమైన హౌస్ సంగీతం ఉండేది. 1990ల నడుమ లండన్ డీజేలు ఆ రికార్డులను టర్న్‌టేబుల్ మీద వేగం పెంచి వాయించసాగారు. గొంతు మరీ సన్నబడిపోతుంది కాబట్టి గాత్రం తగ్గించిన డబ్ వెర్షన్లను ఎంచుకున్నారు. కింద బాస్ పెంచారు. న్యూజెర్సీకి చెందిన టాడ్ ఎడ్వర్డ్స్ గాత్రాన్ని అక్షరాలుగా తరిగి, ఆ ముక్కలతోనే కొత్త రాగాలు అల్లే పద్ధతి చూపించాడు. ఈరోజు విడుదలయ్యే గ్యారేజ్ పాటల్లో కూడా అర్థం కాని గొంతు ముక్కలు అటూ ఇటూ ఎగురుతుంటే, అది ఆయన వేసిన దారి.

2000 ప్రాంతంలో క్రెయిగ్ డేవిడ్, ఎంజే కోల్ వంటివారితో ఇది బ్రిటిష్ చార్టుల దాకా వెళ్లి, ఆ తరువాత కొన్నేళ్లు మరుగున పడింది. ఇప్పటి వెల్లువకు నేను గుర్తుగా చెప్పేది 2022 సెప్టెంబరు. ఎలైజా రోజ్, ఇంటర్‌ప్లానెటరీ క్రిమినల్ కలిసి చేసిన 'బోటా' బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది.

ఇటీవలి వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. పింక్‌పాంథరెస్ 2025 మేలో తెచ్చిన 'ఫ్యాన్సీ దట్' మొత్తం తొమ్మిది పాటలు, దాదాపు 20 నిమిషాలు. పాత బ్రిటిష్ డాన్స్ రికార్డుల ముక్కలను తీసుకుని, వాటిమీద గుసగుసలాడే గొంతుతో చిన్న చిన్న పాటలు కట్టింది. బస్సులో, మామూలు ఇయర్‌ఫోన్లలో కూడా నష్టం లేకుండా వినవచ్చు. అదే ఏడాది వచ్చిన సామీ విర్జీ ఆల్బమ్ 'సేమ్ డే క్లీనింగ్' దారి వేరు. అతడు డీజేగా పేరు తెచ్చుకున్నవాడు. అతని పాటలో అసలు సంగతి బాస్ వచ్చి పడే క్షణంలో ఉంటుంది, ముందున్నదంతా దానికోసం వేసిన మెట్లు. అందుకే చిన్న స్పీకరు మీద మెట్లన్నీ వినిపించి, పైకెక్కాక మేడ కనిపించనట్టు ఉంటుంది.

ఒక్కటే వినడానికి సమయం ఉంటే నేను 'ఫ్యాన్సీ దట్' చేతిలో పెడతాను. అది పొట్టిగా ఉండటం లోపం కాదు, పాటను ఎక్కడ ఆపాలో ఆమెకు తెలుసు. పెళ్లికో పుట్టినరోజుకో నలుగురు కలిసి ఆడేచోట అయితే విర్జీ. కళాకారుల పేర్లు గుర్తుపెట్టుకోవడం కష్టమనుకుంటే లేబుల్‌ను, అంటే రికార్డులు విడుదల చేసే సంస్థను, అనుసరించండి. కండక్టా అనే నిర్మాత 2019లో మొదలుపెట్టిన కివీ రెకర్డ్స్ కొత్త గ్యారేజ్‌కు మంచి గుమ్మం.

మన ప్రాంతపు శ్రోతలకు ఇంకో దారీ ఉంది. యంగ్ సింగ్ అనే డీజే పంజాబీ పాటలనూ గ్యారేజ్‌నూ కలిపి చేసిన మిక్సులతో పేరుపొందాడు. 2020లో మొదలైన డేటైమర్స్ అనే బృందం బ్రిటన్‌లోని దక్షిణాసియా మూలాల డీజేలను ఒకచోటికి చేర్చింది. పంజాబీ తెలియకపోయినా ఢోలు తెలుసు కదా! గ్యారేజ్ ఊపు మన చెవికి ఎంత దగ్గరగా ఉందో వాటిని వింటే వెంటనే తెలుస్తుంది.

గ్రైమ్: మాట కోసం వినేవారికి

గ్రైమ్ విషయంలో నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఎందుకంటే దీన్ని కొత్తవారికి తప్పుగా పరిచయం చేస్తున్నారు. ఇది అమెరికన్ ర్యాప్‌కు బ్రిటిష్ నకలు కాదు. గ్యారేజ్ కడుపులోంచి పుట్టిన బిడ్డ. గ్యారేజ్ డీజే పక్కన నిలబడి జనాన్ని హుషారు చేసే ఎంసీలు ఒక్కో మాటా పెంచుకుంటూ పోయి, చివరికి పాట మొత్తం తామే అయ్యారు. మధ్యనున్న వంతెన 2001లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లిన సో సాలిడ్ క్రూ పాట '21 సెకండ్స్'. ఒక్కొక్కరికి 21 సెకన్లు, అంతే. మాట్లాడి పక్కకు తప్పుకోవాలి.

ఆ తరువాత తూర్పు లండన్‌లోని బో ప్రాంతంలో వైలీ, డిజీ రాస్కల్ వంటివారు దీన్ని చల్లగా, పదునుగా మార్చారు. డిజీ తొలి ఆల్బమ్ 'బాయ్ ఇన్ ద కార్నర్' 2003లో వచ్చి అదే ఏడాది బ్రిటన్‌లో ఏటి మేటి ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి గెలిచినప్పుడు అతనికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

ఎంపికకు పనికివచ్చే సాంకేతిక విషయం ఒకటుంది. తొలినాళ్ల గ్రైమ్ బాస్‌లో స్క్వేర్ వేవ్ అనే గరుకైన ధ్వని ఎక్కువ. అందులో అసలు స్వరంతోపాటు దాని పై స్వరాలు కూడా బలంగా ఉంటాయి. అందువల్ల అట్టడుగు శబ్దం పలకలేని స్పీకరు మీద కూడా బాస్ ఎక్కడ కదులుతోందో చెవికి అందుతుంది. లండన్ బస్సుల వెనక సీట్లలో బడిపిల్లలు ఫోను స్పీకర్ల మీద గ్రైమ్ వాయించుకుంటూ తిరిగారంటే అందులో ఈ గుణం పాలు ఉంది. మీ దగ్గర ఫోను తప్ప మరేమీ లేకపోతే ఈ మూడింటిలో గ్రైమ్ మీకు ఎక్కువ దక్కుతుంది. అడ్డు స్పీకరుతో కాదు, భాషతో. తూర్పు లండన్ యాస, జమైకన్ మాటలు కలిసిన పలుకు మొదట చెవికి ఎక్కదు. సాహిత్యం తెరిచిపెట్టుకుని వినండి. అష్టావధాని సమస్యను ఎత్తుకుని పూరణ వైపు నడిచేటప్పుడు సభ ఊపిరి బిగబట్టినట్టే ఇక్కడా ఉంటుంది. 140 వేగంలో 16 ఆవృత్తాలంటే సుమారు 27 సెకన్లు. ఆ గడువులో ఎంసీ చెప్పాల్సింది చెప్పి, చివరి పాదం పేల్చాలి. పేలితే డీజే రికార్డును వెనక్కి తిప్పి మళ్లీ మొదటినుంచి వేస్తాడు. దాన్నే రీలోడ్ అంటారు.

ఈ కారణం వల్లే నా సలహా కొంచెం తిరగేసి ఉంటుంది: గ్రైమ్‌లో కొత్త ఆల్బమ్ కంటే ముందు ఒక రేడియో సెట్ వినండి. 1994లో లైసెన్సు లేని స్టేషనుగా మొదలై 2010లో లైసెన్సు పొందిన రిన్స్ ఎఫ్ఎం వంటి చోట్ల ఎంసీలు ఒకరి చేతిలోంచి ఒకరు మైకు అందుకుంటూ గంటసేపు సాగించే సెట్లలో ఈ కళ ప్రాణం ఉంది. లండన్ పోలీసులు 2005లో నిర్వాహకులు నింపాల్సిన ఫారం 696 అనే ముందస్తు పత్రాన్ని తెచ్చి, 2017 దాకా క్లబ్బుల్లో గ్రైమ్ కార్యక్రమాలకు అడ్డం పడ్డారు. దానివల్ల కూడా ఈ సంగీతం వేదికల మీద కంటే రేడియోలోనూ వీడియోల్లోనూ ఎక్కువగా బతికింది. స్టూడియోలో నునుపు చేసిన ఆల్బమ్‌లో ఆ వేడి సగమే మిగులుతుంది.

అయినా ఆల్బమ్ కావాలంటే 'బాయ్ ఇన్ ద కార్నర్' విన్నాకే డిజీ 2024లో తెచ్చిన 'డోంట్ టేక్ ఇట్ పర్సనల్'కు వెళ్లండి. స్కెప్టాకు 2016లో మెర్క్యురీ తెచ్చిపెట్టిన 'కొనిచివా' కొత్తవారికి తేలికైన మెట్టు. జేఎంఈ 2019లో 'గ్రైమ్ ఎంసీ' ఆల్బమ్‌ను స్ట్రీమింగ్‌లో పెట్టకుండా సీడీగా, వినైల్‌గా విడుదల చేశాడు. వినాలనుకున్నవాడు వెతుక్కుని రావాలన్న ఆ పట్టుదల నాకు ఎంతో నచ్చింది.

బాస్: ఒంటితో వినేవారికి

డబ్‌స్టెప్, దాని చుట్టూ పెరిగిన బాస్ సంగీతానికి దక్షిణ లండన్‌లోని క్రాయ్‌డన్ పుట్టిల్లు. బిగ్ యాపిల్ అనే రికార్డుల దుకాణం చుట్టూ చేరిన కుర్రాళ్లు గ్యారేజ్‌లోంచి పాటను తీసేసి, నీడను మిగిల్చారు. బ్రిక్స్‌టన్‌లో 2005లో మొదలైన డీఎంజెడ్ అనే క్లబ్బు రాత్రులు దీన్ని నిలబెట్టాయి. అక్కడ దీపాలు తక్కువ, మాటలు తక్కువ, స్పీకర్లు మాత్రం నిలువెత్తు.

ఇక్కడ పరికరమే సగం సంగీతం. 50 హెర్ట్జ్ బాస్ స్వరం ఒక్కో తరంగం దాదాపు ఏడు మీటర్ల పొడవుంటుంది. మన పడకగది గోడకు గోడ అంత పొడవుండదు. ఫోను స్పీకరు ఈ లోతుల్లో మూగదే. చెవిలో గట్టిగా అమరే ఇయర్‌ఫోన్లు ఫరవాలేదు, ఎందుకంటే చెవి రంధ్రం మూసుకుంటే కింది స్వరాలు బయటికి జారిపోవు. వదులుగా వేలాడే రకంతో ప్రయోజనం లేదు. చవక సబ్‌వూఫర్‌తో ఇంకో చిక్కు ఉంది. అది ఒకే స్వరాన్ని బొంయ్‌మని మోగించి మిగతా వాటిని మింగేస్తుంది. కొనేముందు దుకాణంలో నెమ్మదిగా మెట్లు దిగే బాస్ ఉన్న పాట పెట్టమని అడగండి. ప్రతి మెట్టూ విడిగా వినిపిస్తే తీసుకోండి.

కొత్తగా వచ్చేవారికి మూడు గుమ్మాలు. హమ్దీ 2022లో చేసిన 'స్కాంకా' వంటివి డాన్సు కోసం, హుషారు కోసం. వేల్స్‌కు చెందిన అన్నదమ్ముల జంట ఓవర్‌మోనో 2023లో తెచ్చిన 'గుడ్ లైస్' మధ్యేమార్గం. తరిగిన గొంతు గ్యారేజ్‌ను గుర్తుచేస్తుంది, కింది పొర క్లబ్బుది. హెడ్‌ఫోన్లలోనూ నిలుస్తుంది కాబట్టి నేను చాలామందికి దీన్నే మొదట చెబుతాను. మూడోది బరియల్ అనే నిర్మాత. 2007 నాటి 'అన్‌ట్రూ' మీద వాన చప్పుడులాంటి చిటపటలు, దూరంనుంచి వచ్చే గొంతులు ఉంటాయి. 2024లోనూ 2025లోనూ అతడు రెండేసి దీర్ఘమైన ట్రాకులతో రికార్డులు విడుదల చేశాడు. వాటిని పనిచేసుకుంటూ వింటే దక్కవు. అనుసరించాల్సిన లేబుళ్లు మాలా నడిపే డీప్ మేడీ, కోడ్ నైన్ నడిపే హైపర్‌డబ్.

కలిసిపోయినవి

ఇప్పటి పెద్ద విడుదలల్లో చాలా భాగం ఈ గీతలను చెరిపేస్తున్నాయి. 2023 జనవరిలో స్క్రిలెక్స్, ఫ్రెడ్ అగైన్, ఫ్లోడాన్ కలిసి చేసిన 'రంబుల్' మరుసటి ఏడాది గ్రామీ గెలిచింది. అందులో డబ్‌స్టెప్ బాస్ మీద గ్రైమ్ ఎంసీ గొంతు ఉంటుంది. 2025లో స్కెప్టా ఒకవైపు సామీ విర్జీతో 'కాప్స్ అండ్ రాబర్స్', మరోవైపు ఫ్రెడ్ అగైన్‌తో 'విక్టరీ ల్యాప్' చేశాడు. ఏది మీకు సరిపడుతుందో ఇంకా తేలకపోతే ఈ రెండు పాటలూ వరుసగా వినండి. గొంతు ఒకటే, నేల మారింది. మొదటిదానికి కాలు ఆడితే గ్యారేజ్ వైపు, రెండోదానికి ఛాతీ బరువెక్కితే బాస్ వైపు, రెండింటిలోనూ స్కెప్టా మాటనే వెంటాడితే గ్రైమ్ వైపు వెళ్లండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

వినడానికి స్ట్రీమింగ్ చాలు. నచ్చినదాన్ని కొనాలనుకుంటే బ్యాండ్‌క్యాంప్ అనే సంగీతం అమ్మే వెబ్‌సైటు మంచిది. డిజిటల్ అమ్మకాల్లో 15 శాతం వరకు అది తీసుకుని, చెల్లింపు ఖర్చులు పోను మిగతాది కళాకారుడికో లేబుల్‌కో ఇస్తుంది. ఎఫ్ఎల్ఏసీ ఫైలు దింపుకుంటే శబ్దంలో ఏమీ పోదు. నిమిషానికి 45 చుట్లు తిరిగే 12 అంగుళాల వినైల్ రికార్డు ఈ సంగీతానికి పుట్టింటి రూపమే, గాడులు వెడల్పుగా ఉండి బాస్ నిండుగా పలుకుతుంది. బ్రిటన్‌లో ఉన్నవారు దుకాణానికి వెళ్లి విని కొనుక్కోవచ్చు. హైదరాబాదుకో విజయవాడకో తెప్పించుకునేవారు మాత్రం రవాణా, కస్టమ్స్ ఖర్చులు ముందే లెక్క చూసుకోండి. అరడజను పాటలు డిజిటల్‌గా కొనే డబ్బు ఒక్క రికార్డుకు పోవచ్చు. మొదటి ఏడాది ఆ డబ్బును హెడ్‌ఫోన్లకు పెట్టడం మేలు.

సబ్‌వూఫర్ ఉన్నవారికి ఒక మనవి. ఏడు మీటర్ల తరంగానికి అపార్టుమెంటు గోడ పెద్ద అడ్డు కాదు. మీ గదిలో మెత్తగా వినిపించేది పక్కింటివారి మంచం కింద మోగుతుంది. విర్జీనీ హమ్దీనీ సాయంత్రమే వినేసి, రాత్రి పది దాటాక సబ్‌వూఫర్ ప్లగ్గు తీసి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. బరియల్ కూడా ఆ వేళకే బాగుంటాడు.